వాల్టర్ ఇలియట్: గుంటూరు లెక్కలు, అమరావతి రాళ్ళు, తెలుగు మొక్కల పేర్లు

మీరు అడిగిన దానిలో మూడు ప్రశ్నలున్నాయి. 1859లో మద్రాసులో అచ్చయిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ అనే తెలుగు మొక్కల పేర్ల జాబితా గ్రంథకర్త వాల్టర్ ఇలియట్, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలకు ‘ఇలియట్ మార్బుల్స్’ అనే పేరు రావడానికి కారకుడైన ఇలియట్ ఒక్కరేనా అన్నది మొదటిది. ఆయనను మన పురాసంపదను కాపాడినవాడిగా చూడాలా, తరలించుకుపోయినవాడిగా చూడాలా అన్నది రెండవది. ఆ జాబితాలోని తెలుగు పేర్లను ఇవాళ నమ్మి వాడుకోవచ్చునా అన్నది మూడవది. మొదటిదానికి జవాబు ఒక్క మాటే: ఇద్దరూ ఒక్కరే. మిగిలిన రెండింటికీ ఆయన ఉద్యోగ జీవితాన్ని కొంత వివరంగా చెప్పుకోక తప్పదు. ఆయన జంతుశాస్త్రమూ, శాసన సేకరణా, వృక్షశాస్త్రమూ అన్నీ రెవెన్యూ ఉద్యోగం నీడలోనే, ఆ ఉద్యోగం సమకూర్చిన గుమాస్తాలతో, డేరాలతో, అధికారంతో సాగినవి.

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించాలి. ఈ పేరుతో మన వ్యాసాలలో తరచు కలగలిసిపోయేవారు కనీసం నలుగురున్నారు. తెలుగు మొదలైన దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని 1816లో వాదించినవాడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. ఆయన 1819లోనే మరణించాడు. పారశీక చరిత్ర గ్రంథాల నుంచి భారతదేశ చరిత్రను సంకలనం చేసినవాడు బెంగాల్ ఉద్యోగి హెన్రీ మియర్స్ ఇలియట్. మద్రాసులోని ఇలియట్స్ బీచి పేరు అక్కడ చీఫ్ మెజిస్ట్రేటుగా పనిచేసిన ఎడ్వర్డ్ ఇలియట్‌ది. పక్షుల పుస్తకాలలో కనిపించే డేనియల్ గిరాడ్ ఇలియట్ అమెరికావాడు. మనకు కావలసిన వాల్టర్ ఇలియట్ స్కాట్లండ్ దక్షిణ సరిహద్దులోని వుల్ఫ్‌లీ జమీందారీ కుటుంబానికి చెందినవాడు. 1803 జనవరిలో ఎడిన్‌బరోలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులను తయారుచేసే హెయిలీబరీ కాలేజీలో చదివి, 1821లో మద్రాసు సివిల్ సర్వీసులో చేరాడు.

కొత్తగా వచ్చిన సివిల్ ఉద్యోగులు మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీలో దేశభాషలు నేర్చుకోవలసి ఉండేది. ఎల్లిస్ పూనికతో 1812లో ఏర్పడిన సంస్థ అది. ఇలియట్ అక్కడ తమిళం, హిందుస్తానీ నేర్చి, వాటిలో ప్రావీణ్యానికి వెయ్యి పగోడాల (అప్పటి బంగారు నాణేల) బహుమతి పొందాడు. తెలుగుతో ఆయనకు గట్టి పరిచయం ఏర్పడింది ఇరవై ఏళ్ళ తరువాత, సర్కారు జిల్లాలకు వచ్చినప్పుడు. ఈ విషయం గుర్తుంచుకోవాలి. మూడవ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

సేలంలో అసిస్టెంటుగా కొంతకాలం పనిచేసిన తరువాత ఆయనను ధార్వాడ కేంద్రంగా ఉన్న దక్షిణ మరాఠా ప్రాంతానికి పంపారు. అక్కడికి వెళ్ళిన కొద్దికాలానికే, 1824 అక్టోబరులో, కిత్తూరు సంఘటన జరిగింది. సంస్థానాధిపతి వారసుడు లేకుండా చనిపోగా దత్తతను ఒప్పుకోని కలెక్టరు థాకరే కోట మీదికి వెళ్ళి, రాణి చెన్నమ్మ సైన్యం చేతిలో హతుడయ్యాడు. ఇలియట్, స్టీవెన్సన్ అనే ఇద్దరు అసిస్టెంట్లు కొన్ని వారాల పాటు కిత్తూరువారి చేతిలో బందీలుగా ఉండి, ప్రాణాలతో బయటపడ్డారు. కంపెనీ సేన మళ్ళీ వచ్చి డిసెంబరులో కోటను పట్టుకున్నది. కన్నడ దేశంలో చెన్నమ్మ కథ చెప్పేవారికి ఈ ఇద్దరు బందీలు కథలో ఒక చిన్న వివరం మాత్రమే. ఇలియట్ జీవితంలో మాత్రం ఇది గమనించవలసిన విషయమే, ఎందుకంటే ఇంత జరిగినా ఆయన ఆ ప్రాంతం వదలలేదు. ఆ జిల్లాలు బొంబాయి పాలనలోకి మారినప్పుడు కూడా అప్పటి బొంబాయి గవర్నరు మౌంట్‌స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్ కోరిక మీద 1833 వరకు అక్కడే ఉండిపోయాడు.

ఆ దశాబ్దంలో ఆయన చేసిన పనులు రెండు. ఒకటి శాసనాలు. ఊరూరా తిరిగే రెవెన్యూ ఉద్యోగికి గుడి గోడ మీద, చెరువు గట్టు మీద, పొలం మధ్యన రాతి మీద అక్షరాలు కనబడుతూనే ఉంటాయి. వాటిని చదవగల దేశీయ పండితులను పెట్టుకుని, నకళ్ళు తీయించి, ‘కర్ణాటక దేశ శాసనాలు’ పేరిట 595 శాసనాల సంపుటాలు సిద్ధం చేశాడు. వాటి ఆధారంగా 1830లలో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించిన వ్యాసంలో కల్యాణి చాళుక్యుల వరుసను మొదటిసారిగా ఒక క్రమంలో పెట్టాడు. తరువాతి తరంలో ఫ్లీట్ వంటి శాసన పరిశోధకులు ఆ వరుసను ఎన్నో చోట్ల సరిదిద్దినా, పని మొదలుపెట్టడానికి వారి చేతిలో ఉన్నవి ఇలియట్ నకళ్ళే. ఎప్పుడో పగిలిపోయిన, సున్నపు బట్టీలో కాలిపోయిన రాళ్ళ పాఠం ఇప్పటికీ మిగిలి ఉండడానికి ఇటువంటి నకళ్ళు కారణమని శాసన పరిశోధన చేసేవారందరికీ తెలుసు.

రెండవది జంతువుల జాబితా. దక్షిణ మరాఠా దేశపు క్షీరదాల మీద ఆయన వ్రాసిన పట్టిక 1839లో ‘మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్’లో వచ్చింది. ఆ కాలపు దొరల జంతుశాస్త్రంలో పులి, అడవిదున్న, ఎలుగుబంటి ప్రధానంగా ఉండేవి; తుపాకీతో కొట్టి, కొలతలు వేసి, తోలు ఇంగ్లండుకు పంపడం అలవాటు. ఇలియట్ కూడా వేటగాడే, అడవిదున్న కొలతలు ఆయనా ఇచ్చాడు. అయితే ఆ పట్టికలో ఇప్పటికీ చదవదగిన భాగం ఎలుకల గురించినది. పొలంలో ఎలుకలు కనీసం మూడు నాలుగు రకాలున్నాయనీ, ఏ రకం కలుగు ఎలా తవ్వుతుంది, ఏది పొద అడుగున ఉంటుంది, ఏది పొలంలో ఏరి పోసిన రాళ్ళ కుప్పలో ఉంటుంది, ఏది ధాన్యం దాస్తుంది అన్న తేడాలనూ ఆయన విడదీసి వ్రాశాడు. ఈ తేడాలు కచేరీలో కూర్చుంటే తెలిసేవి కావు. ఆయనకు చెప్పినవారు వడ్డెరలు. చెరువులు తవ్వి, రాయి కొట్టి బతికే తెలుగు మాట్లాడే వడ్డెరలు ధార్వాడ ప్రాంతంలో కూడా విరివిగా ఉండేవారు. పొలపు పందికొక్కును వారు తిండికోసం పెద్ద సంఖ్యలో పట్టేవారనీ, కోతల కాలంలో దాని కలుగులు తవ్వి అది దాచుకున్న ధాన్యం తీసుకునేవారనీ, మంచి చోటు దొరికితే ఆ రుతువంతా దాదాపు ఆ ధాన్యం మీదే గడిపేవారనీ ఇలియట్ వ్రాశాడు. మెత్తని బొచ్చున్న మరొక పొలపు ఎలుకకు వడ్డెరలు చెప్పిన పేరును కూడా ఆయన నమోదు చేశాడు. ఆ పేరు కొంచెం అచ్చుతప్పుతో ‘మిల్లార్డియా మెల్టాడా’ అనే శాస్త్రనామంలో ఇప్పటికీ నిలిచి ఉన్నది.

అదే పట్టికలో 1826 నాటి ఒక ఉపద్రవం ప్రస్తావన ఉన్నది. వానలు సరిగా పడని ఏడాది తరువాత ఈ ఎలుకలు విపరీతంగా పెరిగి, విత్తిన గింజను విత్తినట్టే తినివేసి, మిగిలి పండిన జొన్నను కాడ ఎక్కి కంకి కొరికి పడవేశాయి. రైతులు వడ్డెరలను నియమించి, డజన్ల లెక్కన చంపినవాటికి ధాన్యం కొలిచి ఇచ్చారు. వేలకు వేలు చంపినా సంఖ్య తగ్గినట్టు కనిపించలేదని ఇలియట్ వ్రాశాడు. ఈ వాక్యాన్ని నేను విలువైనదిగా భావిస్తాను. పంట ఎందుకు పోయింది, కూలి ఏ రూపంలో ఇచ్చారు, ఫలితం ఏమిటి అన్న ప్రశ్నలు రెవెన్యూ ఉద్యోగివి. ఏ ఎలుక, ఏ పొలంలో అన్న ప్రశ్నలు ప్రకృతి శాస్త్రజ్ఞుడివి. రెండూ ఒకే పేరాలో పడిన సందర్భాలు ఆ కాలపు రచనల్లో ఎక్కువగా దొరకవు. దాదాపు అర్ధ శతాబ్దం తరువాత, పదవీ విరమణ చేసి స్కాట్లండులో ఉన్నప్పుడు, అక్కడి గొర్రెల మేత భూములను చిట్టెలుకలు పాడుచేస్తే ఆ ఉపద్రవం మీద 1878లో వ్యాసం వ్రాసినవాడు కూడా ఆయనే.

1833 చివర సెలవు మీద బయలుదేరి ఎర్రసముద్రం, ఈజిప్టు ఎడారి, నైలు నది, పాలస్తీనా మీదుగా ఇంటికి వెళ్ళిన ప్రయాణం గురించి పెద్దగా చెప్పనవసరం లేదు. యెరూషలేము పవిత్ర సమాధి చర్చిలో 1834 ఈస్టరు పండుగ సమయంలో తొక్కిసలాటలో ఎందరో చనిపోయినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. తిరిగి వచ్చింది బంధువైన లార్డ్ ఎల్ఫిన్‌స్టన్ మద్రాసు గవర్నరైనప్పుడు, ఆయన ప్రైవేటు సెక్రటరీగా. తరువాత రెవెన్యూ బోర్డులో పని.

మన సంగతి మొదలయ్యేది 1845లో. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, వచ్చిన కరువు గుంటూరు జిల్లాను ఎంత దెబ్బతీసిందో ఆ జిల్లా పెద్దలు చాలాకాలం చెప్పుకున్నారు. డొక్కల కరువు అన్న పేరు దానికే. జనం చనిపోయారు, మిగిలినవారిలో చాలామంది వలసపోయారు, భూములు బీడు పడ్డాయి. కరువు తీరి పదేళ్ళయినా శిస్తు కోలుకోలేదు. జిల్లాలోని పెద్ద జమీందారీలు బకాయిల్లో మునిగిపోయాయి. దీనికి కారణం విచారించమని ఇలియట్‌ను పంపారు. ఆయన తేల్చిందేమిటంటే, జమీందార్ల దుబారాతో పాటు కచేరీలోని ఉద్యోగులూ, గ్రామాల లెక్కలు వ్రాసేవారూ కలిసి అసలు లెక్క పైకి రాకుండా చేశారు. కలెక్టర్లు మారుతున్నా వారి కింది కుటుంబాలు మారలేదు, కలెక్టరుకు తెలిసేది వారు తెలియనిచ్చినదే. 1846 నాటి ఈ నివేదికను కంపెనీ డైరెక్టర్లు మెచ్చుకుని, ఆయనను ఉత్తర సర్కారులన్నిటికీ కమిషనరుగా నియమించారు. గంజాం నుంచి గుంటూరు దాకా 1854 వరకు ఆయన అధికారం నడిచింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1847-1852 సంవత్సరాలు కూడా ఈ కాలంలోనివే.

గుంటూరు జమీందారీలన్నిటిలో పెద్దది వాసిరెడ్డివారిది. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1790లలో చింతపల్లి నుంచి అమరావతికి నివాసం మార్చి, కొత్త పట్టణం కట్టిస్తూ, ఊరి దక్షిణాన ఉన్న దీపాల దిన్నెను రాయి కోసం తవ్వించాడు. అలా బయటపడినదే అమరావతి బౌద్ధ మహాస్తూపం. ఆ సంగతి విని కంపెనీ సర్వే అధికారి కోలిన్ మెకంజీ 1798లో వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చి పటాలు, బొమ్మలు వేయించాడు. ఈ లోపల కొంత రాయి కొత్త కట్టడాలలోకి, మెట్లలోకి పోయింది; కొంత సున్నమైపోయింది. కొన్ని ఫలకాలను మచిలీపట్నం కలెక్టరు రాబర్ట్‌సన్ తాను కట్టించిన పేట నడిబొడ్డున అలంకారంగా పెట్టించాడు; రాబర్ట్‌సన్ పేట ఇప్పటికీ ఉన్నది, రాళ్ళు లేవు. వెంకటాద్రి నాయుడు 1816లో చనిపోయాక ఆయన దత్తపుత్రులిద్దరి మధ్య మొదలైన దావా అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. మొదటి దత్తుడు బతికి ఉండగా రెండవ దత్తత చెల్లదని 1846లో వెలువడిన రంగమ్మ, అచ్చమ్మ తీర్పును హిందూ ధర్మశాస్త్రం చదివే న్యాయవిద్యార్థులు నేటికీ ఉదహరిస్తారు. అంటే ఇలియట్ ఏ ఎస్టేటు లెక్కలు చూడడానికి వచ్చాడో, ఆ ఎస్టేటు స్థాపకుడే స్తూపాన్ని మొదట తవ్వించినవాడు. దిన్నె దగ్గరికి ఆయనను తీసుకువెళ్ళింది పురాతత్వ యాత్ర అని చాలామంది వ్రాస్తారు. నిజానికి తీసుకువెళ్ళినది శిస్తు బకాయి.

1845లో ఇలియట్ దిన్నెలో అంతకుముందు కదపని భాగంలో తవ్వించి, పడమటి ద్వారం వద్ద ఎన్నో చెక్కడపు ఫలకాలు బయటికి తీయించి మద్రాసుకు పంపాడు. ఇక్కడ ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఇది: ఎలుక కలుగు గురించి అంత జాగ్రత్తగా వ్రాసిన మనిషి, ఏ ఫలకం ఏ చోట, ఏ పొరలో, దేని పక్కన దొరికిందో తెలిపే సమగ్రమైన నివేదిక ప్రచురించలేదు. మెకంజీ ముప్పై ఏళ్ళ ముందే కొలిచి పటాలు గీయించి ఉన్నాడు కాబట్టి, ఆ కాలంలో అటువంటి జాగ్రత్త ఎవరికీ తెలియదని చెప్పి తప్పించుకోవడానికి వీలు లేదు. స్తూపం చుట్టూ ఉన్న ప్రాకారాన్ని కాగితం మీద తిరిగి నిలబెట్టాలని తరువాత ప్రయత్నించినవారందరూ ఈ లోటు వల్ల ఇబ్బంది పడ్డారు.

మద్రాసు చేరిన రాళ్ళ కథ ఇంకా అన్యాయమైనది. ఒకప్పుడు తాను భాషలు నేర్చిన ఆ కాలేజీ ముందరి పచ్చికలోనే అవి ఏళ్ళ తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. మార్బుల్ అంటారు గాని అది చలువరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. ఉప్పుగాలికి, వానకు చెక్కడం అంచులు త్వరగా అరిగిపోతాయి. 1851లో మద్రాసు మ్యూజియం ఏర్పడి, ఎడ్వర్డ్ బాల్ఫర్ దాని బాధ్యత తీసుకున్నాకనే వాటి మీద శ్రద్ధ కలిగింది. 1856లో రెవరెండ్ విలియం టేలర్ చేత జాబితా వ్రాయించారు. ‘ఇలియట్ మార్బుల్స్’ అన్న పేరు ఆ నివేదిక శీర్షికలోనే ఉన్నది. 1859లో 121 ఫలకాలను లండనుకు ఓడ ఎక్కించారు. అక్కడైనా ఆదరణ దొరికిందా అంటే అదీ లేదు. ఫైఫ్ హౌస్ అనే భవనంలో బగ్గీలు పెట్టే కొట్టులో పడి ఉండగా, 1867లో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని వెతికి పట్టుకుని, మరుసటి ఏడాది ఫొటోలతో, మెకంజీ బొమ్మలతో కలిపి ప్రకటించాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. ఇప్పుడు 33ఎ గదిలో, గాలి తేమ అదుపులో ఉంచిన అద్దాల వెనుక ఉన్నాయి.

కాబట్టి మీ రెండవ ప్రశ్నకు నా జవాబు ఇలా ఉంటుంది. ఆయన తవ్వకపోతే ఆ ఫలకాలు సున్నపు బట్టీలోకి పోయేవన్న వాదనలో కొంత నిజం ఉన్నది; మెకంజీ మొదటి రాకకూ రెండవ రాకకూ మధ్య అక్కడ ఎంత పోయిందో చూస్తే అది ఊహ కాదని తెలుస్తుంది. ఆయన సొంతానికి దోచుకున్నాడనడానికి ఆధారం లేదు. తరలింపు ప్రభుత్వపు ఉత్తరువుల మీద, ప్రభుత్వపు ఖర్చుతో జరిగింది. కానీ ఓడ ఎక్కించిన నాడు ఆయన మద్రాసు కౌన్సిల్ సభ్యుడు. గవర్నరు లార్డ్ హారిస్ అనారోగ్యంతో ఉండగా, 1858 నవంబరులో రాణి నేరుగా పాలన చేపట్టిన ప్రకటనను మద్రాసులో వెలువరించినవాడు కూడా ఈయనే. అంతటి పదవిలో ఉన్నవాడు పద్నాలుగేళ్ళలో ఆ రాళ్ళ మీద ఒక కప్పు వేయించలేకపోయాడంటే, దాన్ని కాపాడడం అనలేము. కాపాడినవాడు, దోచుకున్నవాడు అనే రెండు పెట్టెల్లో దేనిలోనూ ఆయనను పెట్టకుండా, ఏమి వ్రాసిపెట్టాడు, ఏమి వ్రాయలేదు అన్న లెక్క తీస్తే సరైన అంచనా వస్తుంది. శాసనాలలో వ్రాసిపెట్టాడు, ఎలుకలలో వ్రాసిపెట్టాడు, అమరావతిలో వ్రాయలేదు. తరువాత రాబర్ట్ సీవెల్ 1877లో తవ్విన చోటును, 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ఉత్తరువు మీద దిన్నె మధ్యభాగమంతా ఖాళీ చేయించిన తీరును కూడా చూస్తే, స్తూపాన్ని చెరిపివేయడంలో ఇలియట్ వాటా పెద్దదేమీ కాదని కూడా ఒప్పుకోవాలి.

ఇక మొక్కల సంగతి. సర్కారు జిల్లాల చెట్లకు తెలుగు పేర్లతో శాస్త్రీయంగా లెక్క వ్రాయడం ఇలియట్‌తో మొదలు కాలేదు. సామర్లకోటలో వైద్యుడుగా ఉన్న విలియం రాక్స్‌బరో 1780ల నుంచే కోరమాండల్ తీరపు మొక్కలను తెలుగు పేర్లతో సహా వర్ణించాడు; సోమిద చెట్టు ప్రజాతికి ‘సోయ్‌మిడా’ అనే శాస్త్రనామం మన పేరు నుంచి వచ్చినదే. రాక్స్‌బరో మొక్కను చూపి, దానికి పేరు ఇది అన్నాడు. ఇలియట్ పేరు చూపి, దానికి మొక్క ఇది అన్నాడు. ఈ తేడా చిన్నదిగా కనిపించినా పాలనాధికారి అవసరం అందులోనే ఉన్నది: దస్తావేజులో, అడవి పన్ను లెక్కలో, రైతు అర్జీలో వచ్చేది తెలుగు పేరు మాత్రమే; అది ఏ చెట్టో తెలియకపోతే ఏ కలప, ఏ రంగు, ఏ మందు అన్నది తేలదు. ‘ఫ్లోరా ఆంధ్రికా’ ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాలలో సాధారణంగా కనిపించే మొక్కల పేర్ల పట్టిక మాత్రమే; పూవు, ఆకు, కాయల వర్ణన కోసం వెతికేవారికి నిరాశ కలుగుతుంది.

ఆ పట్టిక అచ్చయిన 1859లోనే డార్విన్ ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ వెలువడింది. దాని మొదటి అధ్యాయంలో, పెంపుడు పావురాల చర్చలో, భారతదేశం నుంచి పావురాల చర్మాలు పంపినందుకు ఇలియట్ పేరు కృతజ్ఞతతో ప్రస్తావించబడింది. 1855లో సెలవు మీద వెళ్ళినప్పుడు గ్లాస్గో శాస్త్ర సభలో ఇద్దరూ కలుసుకున్నారు; 1856 జనవరిలో డార్విన్ ఉత్తరం వ్రాసి, పావురాలు, కోళ్ళు వంటి పెంపుడు జీవుల నమూనాలు కావాలని కోరాడు. ఇలియట్ మద్రాసు నుంచి చర్మాలు పంపడమే కాక, పావురాల పెంపకం మీద 18వ శతాబ్దపు గ్రంథం ఒకదాన్ని ఆయన కోసం అనువదించి ఇచ్చాడు. కడప, నెల్లూరు మధ్య కొండలలో దొరికిన, ఉడుత వలె కనిపించే చిన్న చెట్టు జంతువుకు 1850 ప్రాంతంలో జంతుశాస్త్రజ్ఞుడు వాటర్‌హౌస్ ఇలియట్ పేరే పెట్టాడు; ఇప్పుడు దాన్ని ‘అనథానా ఎల్లియోటి’ అంటారు. ఆయన మిత్రుడు, నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డన్, ఇదే తూర్పు కనుమల ప్రాంతంలో కలివికోడిని కనుగొన్నాడు. 1900 తరువాత కనిపించకుండా పోయిన ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

1860లో విరమించి వుల్ఫ్‌లీకి వెళ్ళాక కూడా ఆయన పని ఆగలేదు. 1866లో కె.సి.ఎస్.ఐ. బిరుదు, 1878లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చాయి. చెల్లాచెదరైన ఎల్లిస్ కాగితాలలో మిగిలినవాటిని సేకరించి, తమిళ పండితుడు జి. యు. పోప్ ద్వారా ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయానికి చేర్చినవాడు ఆయనే. దక్షిణ భారత నాణేల మీద పుస్తకం సిద్ధం చేసే నాటికి దాదాపు చూపు పోయింది. నాణెం మీది గుర్తులను ఇతరుల కళ్ళతో చూసి, జ్ఞాపకంతో పోల్చి పుస్తకం ముగించాడు. 1887 మార్చి 1న చనిపోయిన రోజు ఉదయం కూడా, పోప్ వెలువరించబోతున్న తిరుక్కురళ్ గురించి ముందురోజు చదివించుకుని విన్నానంటూ, ఒక ప్రశ్న అడుగుతూ ఉత్తరం చెప్పి వ్రాయించి, తన చేత్తో సంతకం చేశాడు.

మీ మూడవ ప్రశ్న. ‘ఫ్లోరా ఆంధ్రికా’ పేర్లను వాడుకోవచ్చు, కొన్ని జాగ్రత్తలతో. ఒకటి, అందులోని శాస్త్రనామాలు ఆ నాటివి. ఇప్పుడు చాలా మారాయి. కానుగ ఆ కాలపు గ్రంథాలలో ‘పొంగామియా గ్లాబ్రా’, ఇవాళ ‘పొంగామియా పిన్నాటా’; మోదుగ అప్పుడు ‘బ్యూటియా ఫ్రాండోసా’, ఇప్పుడు ‘బ్యూటియా మోనోస్పెర్మా’. పాత నామాన్ని నేరుగా నేటి జాబితాలో వెతికితే దొరకదు గనుక, ముందు పర్యాయనామాల పట్టికలో చూసి, ఆ తరువాత తెలుగు పేరుకు జతపరచాలి. రెండు, పేర్లు ప్రధానంగా గంజాం నుంచి గుంటూరు వరకు ఉన్న తీర జిల్లాలవి. రాయలసీమలోనో, తెలంగాణలోనో అదే పేరు మరొక మొక్కకు ఉండవచ్చు. అక్కడి పరిశోధనకు ఈ పట్టికను ప్రమాణంగా తీసుకోవద్దు. మూడు, ముందు చెప్పినట్టు ఇలియట్ మొదట నేర్చినవి తమిళం, హిందుస్తానీ. తెలుగు పేర్లు విన్నది ఇతరుల నోట, వారిలో పండితులూ ఉండవచ్చు, అడవికి వెళ్ళేవారూ ఉండవచ్చు. సంస్కృత నిఘంటువుల వాసన వేసే పేరు కనిపిస్తే అది వాడుకలో ఉన్నదేనా అని ఊళ్ళో విచారించిన తరువాతనే ఎత్తి వ్రాసుకోండి. అచ్చ తెలుగు పేర్ల విషయంలో మాత్రం ఆ పట్టికను చాలావరకు నమ్మవచ్చునని నా అనుభవం. మీరు చేస్తున్న జిల్లా మొక్కల పట్టిక కోసమైతే, ప్రతి పేరు పక్కన ‘ఇలియట్, 1859’ అని ఒక గడి, ఈనాడు ఆ పేరు చెప్పిన ఊరికి ఒక గడి వేరుగా పెట్టుకుని, రెండూ కలిసిన చోట మాత్రమే పేరు ఖాయం చేయండి. కలవని చోట రెండు పేర్లూ ఉంచండి, ఒకదాన్ని కొట్టివేయవద్దు.